ఎర్ర గీతతో బేరం

బద్వేలు బజారులో మా బట్టల అంగడి. తాత రిజిస్టరు చేయించుకున్న జాగా, బండల మిద్దె. రోడ్డు వెడల్పు చేస్తామని మునిసిపాలిటీ మనుషులొచ్చి మా గోడ మీద ఎర్రరంగు గీత కొట్టిపోయారు. అంగడిలో ముందరి ఆరడుగులు పోతాయట. నాయన కూర్చునే గద్దె ఆ ఆరడుగుల్లోనే ఉంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన ఇంకోచోట కూర్చోగా చూడలేదు.

ఎదుటి టిఫిన్ హోటలు ఉన్నది ప్రభుత్వ స్థలంలో. కాగితం ముక్క లేదు. ఏ పార్టీ గెలిస్తే ఆ జెండా మాత్రం తెల్లారేసరికి దాని మీద ఎగురుతుంది. దానికి గీత పడలేదు.

కడపలో వకీలును అడిగాను.

"ఆస్తి హక్కు ఒకప్పుడు రాజ్యాంగంలో ప్రాథమిక హక్కప్పా. తర్వాత దాన్ని మామూలు చట్టపు హక్కు చేసినారు. చట్టప్రకారం తీసుకుంటే వద్దనేదానికి లేదు."

"అంటే ఫస్టు రకం తీసి సెకండ్సులో పడేసినారా సార్?"

నవ్వాడు. ఫీజు మాత్రం ఫస్టు రకానిదే తీసుకున్నాడు.

ఇక ఆఫీసరు దగ్గరికి పోయాను. బేరంలో నన్ను మించినవాడు లేడని నా వెర్రి నమ్మకం.

"ఎదుటి హోటలుకు లేని గీత మాకెందుకు సార్?"

"నీకు పక్కా కాయితాలు ఉండాయి కదా శెట్టీ. పరిహారం రాసిచ్చేదానికి మాకు దోవ ఉండాది. ఆయప్పకు ఏమీ లేవు. కొట్టేస్తే రేపు లీడరుకు జవాబెవరు చెప్పాల?"

కాగితాలున్న పాపానికి జాగా పోతోందన్నమాట.

"పరిహారం ఎంతొస్తాది సార్?"

"దుడ్లు కాదప్పా, పోయిన జాగాకు బదులు అదనంగా కట్టుకునే హక్కని బాండు ఇస్తాం. దాంతో పైన ఇంకో అంతస్తు లేపుకో."

"మా మిద్దె మీద పిల్లి దూకితేనే మట్టి రాలుతాది సార్!"

"అయితే ఎవరికన్నా అమ్ముకో."

నేల తీసుకుని గాలి చేతిలో పెట్టే వ్యాపారి మా బజారులో ఒక్కడు కూడా లేడు.

"నాలుగడుగులకు తెంచండి సార్" అన్నాను. కుదరదన్నాడు. గిరాకీ లేచిపోతుంటే వెనక్కి పిలవడం మా అంగళ్ల పద్ధతి. విసురుగా లేచి తలుపు దాకా పోయాను. ఎవరూ పిలవలేదు. నేనే వెనక్కి వచ్చి కూర్చున్నాను. చివరికి ఒక్క అడుగు తగ్గించాడు. పళ్లికిలించి దండం పెట్టాను. మెట్లు దిగుతుంటే ఆ చేతులు కడుక్కోవాలనిపించింది.

"ఎంతకు తెగిందిరా?" గద్దె మీద నుంచే అడిగాడు నాయన.

"ఒక అడుగు వదిలినాడు నాయనా."

"ఎవురి జాగారా అది, ఆయప్ప వదిలేదానికి?"

ఆయనే లేచి, గద్దె మీది పరుపు చుట్టుకుని, బీరువా పక్కన పరుచుకున్నాడు.

మేమే కొట్టించుకుంటే తలుపులైనా దక్కుతాయని కూలీలను పెట్టాం. దుమ్ము లేస్తుంటే ఎదుటి హోటలాయన అందరికీ టీ పంపాడు, డబ్బులొద్దని. ఊరికే వచ్చిందేదీ వదలని నేను ఆ టీ పక్కన పెట్టేశాను. నాయన తాగాడు.

"చక్కెర శానా ఎక్కువేసినాడ్రా" అన్నాడు.