మందే కదా

ఆమె అడిగింది చేతి తొడుగులు. మేస్త్రీ ఆమె మణికట్లు రెండూ పట్టుకుని మోచేతుల దాకా తొట్టిలో ముంచి, పైకి తీయకుండా అదిమి పెట్టాడు. "మందే కదే, విషమా? నాననీ. మొద్దు చేతులు కాస్త మెత్తబడతాయి." చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నవ్వనివాళ్లకు మర్నాడు పని ఉండదు.

దుప్పట్లు ముడత పడకుండా ముంచే ద్రావకాన్ని ఆ కార్ఖానాలో అందరూ మందు అనేవాళ్లు. పీపా మూత తీస్తే చాలు, కళ్లు మండి నీళ్లు కారేవి. ఆమె అరచేతులు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత పగిలాయి, తర్వాత ఉప్పు తగిలితే పళ్లు బిగబట్టాల్సి వచ్చేది. తోటివాళ్లు పొలుసులత్త అని పేరు పెట్టారు. "చేపకున్న విలువ కూడా లేదురా నాకు. దాన్నైతే కడిగి ముట్టుకుంటారు" అని ఆమే నవ్వేది.

కూతురు ప్రసవించినప్పుడు కార్ఖానా దుప్పట్లలో మెత్తనిది ఏరి తీసుకెళ్లింది. కూతురు ఉతకబోతే చేతిలోంచి లాక్కుంది.

"ఉతికితే మందు పోతుందే పిచ్చిదానా. పురుగూ పుట్రా పిల్ల దరికి రాకుండా చూసేది అదే."

ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. మందు అన్న పేరే చెప్పింది. పచ్చిగా ఉన్నప్పుడే కరుస్తుంది, ఆరితే మేలే చేస్తుందనుకుంది.

వారం తిరక్కుండా పసిదాని మెడ మడతలు, చంకలు, తొడలు ఉడికించినట్టు పొంగి రసి కారాయి. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. డాక్టరమ్మ దుప్పటి వాసన చూసి, "కొత్త బట్ట ఉతక్కుండా చుట్టారా?" అని మాత్రం అడిగింది. కూతురు దుప్పటి ఉండచుట్టి తల్లి మొహాన కొట్టింది.

"నీ చేతులు చూసుకునైనా బుద్ధి రాలేదా అమ్మా? ఇంకోసారి దాన్ని ముట్టుకున్నావో, ఆ చేతులు విరగ్గొడతా."

ఆమె అటునుంచి అటే కార్ఖానాకు వెళ్లింది. మేస్త్రీ తొట్టి మీదికి వంగి ఉన్నాడు. జుట్టు దొరకబుచ్చుకుని తల లోపలికి నొక్కింది. లేచి కేక పెట్టబోతే తడి దుప్పటి మొహానికి చుట్టి బిగించింది. అతని గోళ్లు ఆమె చేతుల మీది పగుళ్లను చీల్చాయి. నెత్తురు కారుతున్నా వదల్లేదు. నలుగురు కలిసి విడదీసేసరికి అతని కనురెప్పలు వాచి మూసుకుపోయాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పని పోయింది. పసిదాని ఒళ్లు మానింది. కూతురు మాత్రం తల్లిని గుమ్మం దగ్గరే నిలబెట్టి, రెండు మాటలాడి పంపేసేది.

మేస్త్రీ ఆమెకు చివరిసారి కనబడింది ఆసుపత్రిలో, చర్మ రోగుల వరసలో. చెంపల తోలు ఊడి కింద లేత ఎరుపు బయటపడింది. పక్కన కూర్చుని, "నా మొహం చూడు, ఏం చేశావో" అన్నాడు గొంతు తగ్గించి.

ఆమె పూత రాసుకున్న చేతులు ఒళ్లో పెట్టుకుని చూసింది.

"మందే కదా మేస్త్రీ. నా కూతురు ఆ పిల్లని నా చేతికిచ్చిన రోజున వచ్చి నీ కాళ్లు పట్టుకుంటా. అప్పటిదాకా గోక్కుంటూ ఉండు."