తూచకుండా రాసిన బరువు

అప్పట్లో ఉప్పుగూడలోని ఒక ప్రైవేటు బడిలో నర్సుగా పనిచేసేదాన్ని. ఆ ఏడు బరువు చూసే మిషన్ పాడైంది. రెండుసార్లు అడిగినా కొత్తది రాలేదు, కానీ ఆ సాకు ఇప్పుడు చెప్పను. పిల్లలు ఎలాగూ పెరుగుతారు కదా అని, అందరి హెల్త్ కార్డుల్లోనూ నిరుటి బరువుకు రెండు కిలోలు కలిపి రాసేశాను.

మూడు నెలల తర్వాత ప్రిన్సిపల్ పిలిపించారు. ఆయన గదిలో ఆరో తరగతి అనిత తల్లి నిలబడి ఉంది. ఇంటింటికీ పాలు పోసే మనిషి. అనితకు టీబీ అని ఆస్పత్రిలో తేలిందట. అక్కడ తూచిన బరువు నేను రాసినదానికంటే ఏడు కిలోలు తక్కువ.

"బిడ్డ చిక్కిపోతున్నదని అనుమానం ఉండె మేడం. కార్డుల బరువు పెరిగిందని రాసిండ్రు గదా అని ఫికర్ జెయ్యలే. అసలు తూచిండ్రా?"

నేను తల దించుకున్నాను. ప్రిన్సిపల్ సస్పెన్షన్ కాగితం నా ముందుకు జరిపారు. లొల్లి చేస్తుందనుకున్న ఆ తల్లి మెల్లగా అంది.

"ఇరవై ఏండ్ల సంది పాలు పోస్తున్న మేడం. కొలవకుండ ఒక్క గిన్నెల గూడ పొయ్యలే."

అనిత బతికింది. ఆ ఉద్యోగం నాకు మళ్లీ దక్కలేదు. ఇప్పటికీ పొద్దున్నే మా గిన్నెలో పాలు పడుతుంటే, నేను తల ఎత్తలేను.