మా వరసలో ఎవరి కాళ్లైనా ఒకటే

పోయిన వారం ఒకరోజు పొద్దున్న, నేను ఇంకా వంకాయలు తరుగుతూ ఉండగానే, మా అమ్మాయి తన మూడేళ్ల కూతుర్ని చంకనేసుకుని ప్లేస్కూలు నుంచి తిరిగి వచ్చేసింది. రెండో చేతిలో ప్లాస్టిక్ సంచీ, అందులో తడిసిన గౌను. ఇలా వెనక్కి పంపడం మొదటిసారి కాదు గానీ, ఈసారి ఆ బడివాళ్లు పిల్లని అప్పజెబుతూ, ఇంట్లో సరిగ్గా అలవాటు చేశాక తీసుకురండి మేడమ్ అని గేటు దగ్గర నలుగురు తల్లుల ముందు అన్నారట. రోజూ బండెక్కి ఏలూరు వెళ్లి ఆఫీసు పని చేసుకొస్తున్న పిల్ల, ఉన్న సెలవులన్నీ ఇలా తెచ్చిదింపడాలతోనే అయిపోయిన పిల్ల, ఇక ఉద్యోగం మానేస్తానమ్మా అని గుమ్మంలోనే కూలబడిపోయింది. పైగా ఆ నలుగురు తల్లుల్లో ఒక్కరు కూడా నోరు విప్పలేదట. తరవాత వాళ్ల ఫోను గ్రూపులో మాత్రం ఒకావిడ, మా వాడికి ఏడాదిన్నరకే వచ్చేసిందండీ అని పెట్టింది, కింద మిగతావాళ్లంతా చప్పట్ల బొమ్మలు పెట్టారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంట్లో పిల్ల పొడిగా ఉంటుంది, బళ్లోనే తడుపుతుంది, అయినా తప్పు ఇంటిదట. ఫీజు కట్టించుకునేటప్పుడు, మీ పాపని మా పాపలా చూసుకుంటామన్న మనుషులు, పాప చేసే మొదటి పని చేయగానే సంచీలో చుట్టి పంపిస్తారా? నా వయసు వాళ్లు ఇది చదువుతుంటే చెప్పండి, మన పిల్లలకు ఒంటికి రెంటికి చెప్పడం ఎవరు నేర్పారు, ఒక్క తల్లే నేర్పిందా? ఈ మాట అడగడానికే ఇదంతా రాస్తున్నాను, లేకపోతే పిల్లల లాగుల సంగతి కాగితం మీద పెట్టే మనిషిని కాను.

నా పుట్టిల్లు కొల్లేటికోట. వానాకాలం వస్తే నీళ్లు గుమ్మం దాకా వచ్చి కూర్చునే ఊళ్లో పెరిగినదాన్ని కాబట్టి తడి అంటే నాకు మొదటినుంచీ పెద్ద పట్టింపు లేదు. పెళ్లయ్యాక తాడేపల్లిగూడెంలో కాపురం పెట్టాం. ఒక ఉప్పుడు బియ్యం మిల్లు గోడ వెనకాల వరసగా వాటాలు ఉండేవి, అందరికీ కలిపి ఒకటే వసారా, ఒకటే పెరడు. మా పక్క వాటాలో మార్కెట్ యార్డులో పనిచేసే ఒకాయన భార్య ఉండేది, నేను అక్కయ్యగారూ అనేదాన్ని. మూల వాటాలో కిరాణా కొట్టు వారి ఇల్లాలు, వరసలో పెద్దావిడ, అందరికీ పిన్నిగారు. మా ముగ్గురికీ కాస్త అటూ ఇటూగా ఒకే ఈడు పిల్లలు, పిన్నిగారికి కడగొట్టువాడు, అక్కయ్యగారికి ఒక పిల్లాడు, నాకు ఇదిగో ఈ ఏలూరు ఉద్యోగస్తురాలు.

తెల్లవారగానే పెరట్లో మా కొలువు మొదలయ్యేది. మీకు చెప్పాలా, పీట వాల్చుకుని కూర్చుని, మోకాళ్లు ఎత్తి, పాదాలు కాస్త ఎడంగా పెట్టి, వాటి మీద పిల్లని కూర్చోబెట్టుకుని దాని వీపుని మన కాళ్లకి ఆనించుకుంటే ఆ పిల్లకి సింహాసనం ఎక్కినట్టుండేది, అప్పుడు మనం పెదవులు బిగించి ష్ష్ అంటూ కూర్చోవాలి, అది వచ్చినప్పుడు వస్తుంది, రానప్పుడు రాదు. అందులో తొందరకి తావే లేదు. పప్పు పొంగుతోందని నేను లేస్తే నా పిల్ల పిన్నిగారి కాళ్ల మీదికి వెళ్లేది, పిన్నిగారు కొట్టుకి కాఫీ పంపాల్సి వస్తే వాళ్లవాడు నా కాళ్ల మీదికి వచ్చేవాడు. మా పిల్లకైతే నా కాళ్ల కన్నా పిన్నిగారి కాళ్లే నచ్చేవి, ఆవిడ మెత్తటి మనిషి మరి. అందుకు నాకు చిన్నతనం అనిపించలేదు, ఆ కాస్త సేపు నా నడుము వాలిందని సంతోషించాను.

ఇంత చేసినా మా పిల్ల రెండున్నరేళ్లు దాటాక కూడా మధ్యాహ్నం పూట తడుపుకుంటూనే ఉండేది. నేను చప్పుడు కాకుండా గౌను మార్చి, తడిసింది బకెట్లో అడుగున పెట్టి ఉతికేదాన్ని. విచిత్రం ఏమిటంటే అత్తిలిలో మా అత్తగారింటికి తీసుకెళితే వారం రోజులున్నా ఒక్క చుక్క పడేది కాదు. తిరిగి గూడెం వచ్చిన మధ్యాహ్నమే మళ్లీ మామూలే. మా అత్తగారు ఆస్తిపాస్తులున్న రైతు కుటుంబం మనిషి, ఏ విషయమూ రెండుసార్లు చెప్పే అలవాటు లేదు. ఒకసారి చెప్పా పెట్టకుండా బస్సు దిగి వచ్చి, మా వారిని ఎదురుగా కూర్చోబెట్టి, నా వంక చూస్తూ తీర్పు చెప్పేశారు.

"నా దగ్గర పొడిగా ఉండే పిల్ల నీ దగ్గరికొస్తే తడుపుతోందంటే తప్పు పిల్లది కాదమ్మా. అలవాటు అయ్యేదాకా నా దగ్గరే ఉంటుంది. రేపు తీసుకెళతాను."

మా వారు పైకప్పు పెంకులు లెక్కపెడుతున్నట్టు చూస్తూ కూర్చున్నారు. ఆ చూపు తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. పాలు మాన్పించి ఎన్నాళ్లో కాని పిల్లని, నిద్రలో నా చెవి పట్టుకుంటే గాని పడుకోని పిల్లని, గౌను తడుపుతోందన్న నేరానికి నా దగ్గర్నుంచి తీసుకుపోతారట, తండ్రన్నవాడు ఒక్క మాట అనడట. నేను ఏమన్నా ఎదురు మాట్లాడినట్టవుతుంది, మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టవుతుంది.

మర్నాడు భోజనాలయ్యాక మా అత్తగారు కొత్త నేతచీర కట్టుకుని, ప్రయాణానికి సిద్ధంగా వసారాలో మనవరాల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. సంగతి తెలిసి పిన్నిగారూ అక్కయ్యగారూ కూడా పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు. మామూలుగా ఆ వేళకి ఎవరి వాటాలో వాళ్లం తలుపు చేరవేసుకుని నడుం వాల్చేవాళ్లం, అందరం ఒకచోట ఉండటం ఆ రోజే. పిన్నిగారు ఏదో నెమ్మదిగా నచ్చజెప్పబోతుండగా గోడ అవతల మిల్లులో రోజూ లాగే బాయిలర్ ఆవిరి వదిలారు. ఆ చప్పుడు మాకు ఎంత అలవాటంటే అసలు చెవికి ఎక్కేదే కాదు. ఆవిరి ఇంకా పూర్తిగా ఆగలేదు, మా అత్తగారి కొత్తచీర తడిసిపోయింది.

నేను గుడ్డ పట్టుకుని పరుగెత్తాను. ఆవిడ నా వంక చూసిన చూపు మీకు వర్ణించి చెప్పను. అప్పుడు పిన్నిగారు, ఊళ్లో పదిమందీ గౌరవించే కొట్టువారి ఇల్లాలు, నిలబడిన చోటునుంచి కదలకుండా అన్నారు.

"మా వాడూ తడిపాడండీ వదినగారూ. రోజూ ఈ వేళకి తడుపుతాడు. సిగ్గేసి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు."

చూద్దును కదా, వాళ్లవాడు గుమ్మం పట్టుకుని తన కాళ్ల కింద మడుగుని తనే వింతగా చూసుకుంటున్నాడు. అక్కయ్యగారు తన పిల్లాణ్ణి ఎత్తి చూపించింది, వాడి లాగు కూడా కారుతోంది. అంటే మేం ముగ్గురం ఒకే పెరట్లో, ఒకే బావి దగ్గర, ఒకరికి తెలియకుండా ఒకరం అవే గౌన్లూ లాగులూ దాచుకుని ఉతుక్కుంటున్నామన్నమాట. ఇంతలో మిల్లు మళ్లీ ఒకసారి ఆవిరి వదిలింది. మా అత్తగారు తడిచీరతోనే చెవి ఒగ్గి విన్నారు. ఆ వరసలో ఉండే మనిషి కాదు కాబట్టి ఆవిడకే ముందు తట్టింది.

"ఆ మిల్లు మీ పిల్లలందరికీ ఒంటికి పోయిస్తోందర్రా," అన్నారు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పొద్దున్నే మేం పాదాల మీద కూర్చోబెట్టి నేర్పిన ష్ష్ అన్న చప్పుడునే మధ్యాహ్నం మిల్లు మాకన్నా గట్టిగా అంటుంటే, చెప్పినమాట వినే బంగారుపిల్లలు, చెప్పినట్టే చేశారు. అత్తిలి ఇంటి పక్కన మిల్లు లేదు, అందుకే అక్కడ పొడిగా ఉండేది. అయినా మా అత్తగారు పట్టు వదలలేదు, అలాగైతే మిల్లు లేని ఊళ్లో ఉండటమే పిల్లకి మంచిదన్నారు. అప్పుడు పిన్నిగారు ఒక్క నెల గడువు అడిగారు, ఈ వరసలో ఇక ఎవ్వరం ష్ అనమనీ, అప్పటికీ కుదరకపోతే మనవరాలితో పాటు తమవాణ్ణి కూడా అత్తిలి తీసుకెళ్లిపొమ్మనీ. మా అత్తగారు చీర మార్చుకుని, పిల్లని వదిలేసి, సాయంత్రం బస్సెక్కారు.

ష్ మానడం ఎంత కష్టమో చేసి చూస్తే గాని తెలియదు. ఏడ్చే పిల్లని ఊరుకోబెట్టాలన్నా నోటికి అదే వస్తుంది, వడియాల మీద కాకిని తోలాలన్నా అదే. ఒక్కరు మానితే లాభం లేదు, పిల్లలు ఎవరి కాళ్ల మీదైనా కూర్చునేవాళ్లు కదా, అందరం మానాలి. దాని బదులు ఇత్తడి చెంబుని గాజుతో టింగుమనిపించడం మొదలుపెట్టాం. మొదట్లో పిల్లలు చెంబు వంక చూసి నవ్వేవాళ్లే తప్ప పని కానిచ్చేవాళ్లు కాదు. నాకు విసుగొచ్చి ఒక్క దెబ్బ వేయబోతే అక్కయ్యగారు పిల్లని లాక్కుని తన కాళ్ల మీద వేసుకునేది, ఆవిడకి ఓపిక అయిపోయిన రోజు వాళ్లవాడు నాకు. ఒకరి ఓపిక అడుగంటితే ఇంకొకరిది అరువు తెచ్చుకునేవాళ్లం. ఒక మధ్యాహ్నం మిల్లు ఆవిరి వదిలినప్పుడు మా పిల్ల తలెత్తి గోడ వంక చూసి, మళ్లీ వంచుకుని చింతగింజలతో ఆడుకుంది. నేను గౌను తడిమి చూశాను, పొడిగా ఉంది. వసారాలోకి వెళ్లి గట్టిగా పిన్నిగార్ని పిలిచాను.

నెల తిరిగేసరికి మా అత్తగారు వచ్చి, మిల్లు ఆవిరి వదిలేదాకా వసారాలో కాపు కాసి, పిల్లని తడిమి చూసుకుని, కాఫీ తాగి వెళ్లిపోయారు. నన్ను మెచ్చుకోలేదు. నాకూ ఆ మెప్పు అక్కర్లేకపోయింది, నా పిల్ల నాకుంది.

గుమ్మంలో కూర్చున్న మా అమ్మాయికి ఇదంతా చెప్పాను. ఉద్యోగం మానడం తరవాత సంగతి, ముందు ఆ గ్రూపులో ఉన్న మాట పెట్టవే అన్నాను. సిగ్గుపడుతూనే పెట్టింది, మా పాప ఇంట్లో బాగానే ఉంటుంది, బళ్లో తడుపుతోంది, ఇంకెవరి పిల్లలైనా ఇలా ఉన్నారా అని. అందరూ చూశారు. ఒక్కరు పలకలేదు. సాయంత్రం ఒకావిడ విడిగా ఫోను చేసింది. ఎవరనుకున్నారు, ఏడాదిన్నరకే వచ్చేసిందన్నావిడే.

"అది నిజం కాదండీ. మా వాడూ రోజూ తడిబట్టలతోనే వస్తున్నాడు. బళ్లో ఆ కమోడ్ మీద కూర్చుంటే కాళ్లు కింద ఆనవంట, పడిపోతానని భయమేసి ఎక్కడంట," అందిట.

ఎదురుగా ఉంటే ఆవిడని నాలుగు దులిపేదాన్ని. ఈ మాట ఆ గేటు దగ్గర అంటే నోటి ముత్యాలు రాలిపోయేవా? మా మనవరాల్ని అడిగితే అదీ అదే చెప్పింది. ఇంట్లో దానికి నేల మీద పెట్టుకునే బుల్లి ప్లాస్టిక్ పాటీ ఉంది, పాదాలు నేలకి ఆనతాయి. బళ్లో పెద్దవాళ్ల కొలతకి కట్టించిన బాత్రూము, అందులో కూర్చుంటే ఆ పసిపాదాలు గాలిలో వేలాడతాయి. ఇన్ని వేలు పోసి గోడల మీద బొమ్మలు వేయించినవాళ్లకి, పిల్ల ఎందుకు తడుపుతోందని ఒక్కసారి అడగాలని తోచలేదు.

మర్నాడు మా అమ్మాయీ, ఆవిడా కలిసి బడికి వెళ్లారు, చేతిలో నా చెక్క పీట. ఒక్కతే వెళ్లినప్పుడు ఇంట్లో అలవాటు చేయండి అన్నవాళ్లు, ఇద్దరు నిలబడేసరికి చూస్తాం మేడమ్ అన్నారట. ఆ మాటలు వింటూ గేటు దగ్గర నిలబడ్డ ఇంకో తల్లి, మా పాపకీ అంతేనండీ అంది. దాంతో పీట లోపలికి వెళ్లింది. మా మనవరాలు పాదాలు పీట మీద ఆనించుకుని కూర్చుంటోంది, మా అమ్మాయి మళ్లీ ఏలూరు బండి ఎక్కుతోంది. గ్రూపులో మాత్రం ఇప్పటికీ చప్పట్ల బొమ్మలే.

ఆ మిల్లు ఎప్పుడో పడగొట్టేశారు. మా వరస ఉన్నచోట ఇప్పుడు అపార్టుమెంట్లు, ప్రతి ఇంటికీ రెండేసి బాత్రూములు, ప్రతి బాత్రూముకీ ఒక తలుపు. సౌఖ్యంగానే ఉంది, కాదనను, నా మోకాళ్లకి ఇప్పుడు ఆ పీట మీద కూర్చునే శక్తి కూడా లేదు. కానీ మేం మంచివాళ్లం, ఇప్పటివాళ్లు చెడ్డవాళ్లు అని నేననలేను, మేమూ దాచుకున్నవాళ్లమే. మా పిల్లలు అందరి ఎదుటా, ఒకే వసారాలో, ఒక్కసారిగా తడిశారు కాబట్టి మాకు దాచుకునే దారి లేకపోయింది. ఇప్పుడు ఎవరి బిడ్డ వాళ్ల తలుపు వెనక తడుస్తోంది, ఏ తల్లికా తల్లి ఆ తలుపు వెనకే ఒంటరిగా ఉతుక్కుంటోంది.