పైపుకి చెమట పట్టిందా?

మా పాత షిఫ్ట్ ఇన్‌ఛార్జి సార్ పోయారన్న కబురు కంపెనీ బస్సులో తెలిసింది. పాశమైలారం మలుపు దగ్గర పక్క సీటు ఆపరేటర్ చెవి నుంచి ఫోన్ తీసి, "సార్ పోయిండన్నా, తెల్లారంగ" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. నిన్న డ్యూటీ దిగే ముందు మూడో రియాక్టర్ పైపు ముట్టుకున్నానా లేదా అన్న గాబరా పట్టుకుంది. చాలా సిగ్గేసింది. ఆయన ఉంటే ఆ గాబరాకే సంతోషించేవారని తర్వాత అనిపించింది.

పైపు సంగతి కొంచెం చెప్పాలి. మాది మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీ. రియాక్టర్‌లో మరిగే ద్రావకం ఆవిరై పైకి పోతుంది. పైనున్న కండెన్సర్‌లో చల్లటి ఉప్పునీరు తిరుగుతూ, ఆ ఆవిరిని మళ్లీ ద్రవంగా మార్చి కిందికి దించుతుంది. ఉప్పునీరు ఆగితే ఆవిరి దిగదు, లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ తర్వాత పేలుడే, మా వైపు ఎవరినీ అడగనక్కర్లేదు. వాల్వు దగ్గర తొడుగు లేని జానెడు చోట ఆ ఉప్పునీటి పైపు మీద గాలిలోని తేమ చుక్కలు కడుతుంది. దాన్నే మేం చెమట అంటాం. తడి ఉందంటే లోపల చల్లదనం తిరుగుతున్నట్టే. మీటర్లున్నాయి, అలారాలున్నాయి. అయినా సార్ షిఫ్ట్ మారిన ప్రతిసారీ వెళ్లి, అక్కడ చేతి వెనక వైపు ఆనించి చూసేవారు.

ఆయన గోదావరి వైపు నుంచి ఉద్యోగానికొచ్చి పటాన్‌చెరులో స్థిరపడ్డ మనిషి. నాది హత్నూర దగ్గర పల్లె. మొదటి రోజు ఆ మోతకూ వాసనకూ నేను తలుపు దగ్గరే ఆగిపోయాను.

"భయమేస్తోందా?" అన్నారు.

"జెర ఐతుంది సార్."

"జెర చాలదయ్యా. ఇంకొంచెం పడు. భయం లేనోడికి నేను వాల్వు అప్పగించను."

నేను పుట్టు పిరికివాణ్ణి. ఇంట్లో గ్యాస్ కట్టేశానా అని వీధి చివర నుంచి వెనక్కి వచ్చే రకం. అందరూ నవ్వే ఆ గుణాన్ని ఒక మనిషి మెచ్చుకోవడం అదే మొదలు. ఆ రుణం తీరేది కాదు.

రిటైరయ్యాక కూడా ఆయన వదల్లేదు. మా సెల్‌ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చేయాలి కాబట్టి, పొద్దున షిఫ్ట్ మారే వేళకు మా గదిలోని ల్యాండ్‌లైన్‌కు ఫోన్ చేసేవారు. బాగోగులేవీ ఉండవు. "పైపుకి చెమట పట్టిందా?" అంతే. పట్టిందంటే పెట్టేసేవారు. "సార్‌కు మేడమ్ కంటె పైపంటెనే పాణం" అని మావాళ్లు ఆటపట్టించేవారు. ఆ మాట సార్ భార్య చెవిన పడితే, "నిజమే బాబూ" అని నవ్వేది.

ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్తే, తనకొచ్చిన కల చెప్పారు. కండెన్సర్ గాజు కిటికీ లోపల మేడమ్ హెల్మెట్ పెట్టుకుని నిలబడిందట. ముఖం మాత్రం సార్ వాళ్లమ్మది, ఆవిడ ఎప్పుడో పోయింది. చేతిలో నా టిఫిన్ డబ్బా. వాళ్లమ్మాయి మనస్తత్వశాస్త్రం చదివింది. కలలో మనసు నలుగురిని ఒకరిగా, పది భయాలను ఒక్క బొమ్మగా కుదిస్తుందనీ, దానికీ మా కండెన్సర్ పనికిలాగే కండెన్సేషన్ అనే పేరనీ ఆయనకు చెప్పిందట.

"అంటే నాకు రాత్రిళ్లు లోపల చల్లబడి చుక్కలు పడుతున్నాయన్నమాట" అన్నారు. "పడనీ. పడకపోతేనే కదా మనకి గొడవ."

ఆ మాట పట్టుకునే నేను నా పీడకలలతో రాజీపడ్డాను.

సార్ పోవడానికి వారం ముందు చూడటానికి వెళ్తే, ఆసుపత్రిలో డాక్టర్ ఎక్స్‌రే చూపించి, ఆయన కుడి ఊపిరితిత్తి కింది భాగం గట్టిపడిందన్నాడు. గాలి ఆడాల్సిన చోట ద్రవం నిండిందట. వెనకటి డాక్టర్లు దాన్నీ కండెన్సేషనే అనేవారని కూడా చెప్పాడు. ఆవిరి ద్రవమైతే హమ్మయ్య అనుకునే బతుకు మాది. ఇక్కడ అదే ద్రవం తెల్లటి మచ్చయి ఆయన ప్రాణం మీదికొచ్చింది. వార్డు లోపల మేడమ్, ఆయన ఊపిరికి చుక్కలు కడుతున్న ఆక్సిజన్ మాస్కు మీది నుంచి చూపు తిప్పడం లేదు. "తడి పడుతోంది కదా బాబూ, పరవాలేదు కదా?" అంది. ఆయన దగ్గర నేర్చుకున్న లెక్క అది. నేను తలూపాను. అప్పుడు సార్ మెల్లగా చెయ్యెత్తి, చేతి వెనక వైపు నా అరచేతికి ఆనించారు. నా అరచెయ్యి చెమటతో తడిసి ఉంది. ఆయన నిమ్మళంగా కళ్లు మూసుకున్నారు.

ఇప్పుడు ఆయన కుర్చీలో నేనున్నాను. ఆయన లేరన్న దుఃఖం ఉంది. ఇక నన్ను అడిగేవాళ్లు లేరన్న భయం అంతకంటే ఎక్కువగా ఉంది. అలవాటు మెల్లగా అరిగిపోతుందేమో, ఏదో ఒక పొద్దున చూడకుండానే చూశాననుకుంటానేమో అని.

పెద్దకర్మ అయిన మర్నాడు, సరిగ్గా షిఫ్ట్ మారే వేళకు ల్యాండ్‌లైన్ మోగింది. గదిలో అందరూ ఫోన్ వైపు తిరిగారు. నేనే తీశాను.

"బాబూ," మేడమ్ గొంతు. "పైపుకి చెమట పట్టిందా?"

పట్టిందమ్మా అని నోటిదాకా వచ్చింది. నేనింకా చూడలేదు.

"జెర ఆగుండ్రి అమ్మా, చూసొస్త."

రిసీవర్ బల్ల మీద పెట్టి పరుగులాంటి నడకతో మూడో రియాక్టర్ దగ్గరికి వెళ్లాను. వాల్వు పక్కన చెయ్యి ఆనించాను. చల్లగా, తడిగా ఉంది. చెయ్యి తుడుచుకోకుండానే వచ్చి రిసీవర్ ఎత్తాను.

"పట్టిందమ్మా."

ఆమె ఫోన్ పెట్టేయలేదు. అటు నుంచి ఊపిరి వినిపిస్తూనే ఉంది. ఇటు రిసీవర్ పట్టుకున్న నా చేతి మీది నుంచి ఒక చుక్క మోచేతి దాకా జారింది.