పక్క మంచం వైపు నెట్టిన పళ్లెం

నా చిన్నప్పుడు, ఒక ఎండాకాలపు సాయంత్రం సరిగ్గా నాలుగూ పదికి, పక్కింటి ఆపా పొయ్యి మీద చాయ్ పెట్టింది. అది రోజూ జరిగేదే. కరీంనగర్‌లో మేమున్న గల్లీలో ఆమె చాయ్ వాసన వచ్చిందంటే నర్సింగు బడి వదిలినట్టు. ఆపా అంటే ఉర్దూలో అక్క. ఆమె ఆ బడిలో పాఠాలు చెప్పేది. బడి అయ్యాక కూడా కొందరు అక్కలు తెల్ల బట్టల్లోనే ఆమె వెంట వచ్చి వరండాలో చాప మీద కూర్చునేవారు. నేను పిట్టగోడ దాటి వెళ్లి వాళ్ల మధ్య కూర్చునేదాన్ని. వాళ్ల వాదన వినడమంటే నాకు కబడ్డీ చూసినంత హుషారు.

ఆపా వాళ్లను ఎటు తిప్పినా ఒకే ప్రశ్న దగ్గరకు తెచ్చేది. మనిషంటే ఎవరు? నర్సు పని గురించి పెద్ద పుస్తకాలు రాసినవాళ్లంతా రోగం కంటే ముందు ఈ ప్రశ్నకే జవాబు వెతుక్కున్నారట. ఒకరు మనిషంటే అవసరాల మూట అన్నారు. ఊపిరి, తిండి, నిద్ర, శుభ్రత, వీటిలో అతనికి చేతకానిది నర్సు చేసిపెట్టాలి. ఇంకొకరు మనిషంటే తనను తాను చూసుకునేవాడన్నారు. లోటు ఉన్నంత మేరకే నర్సు చేయి వేయాలి, ఆ తర్వాత తీసేయాలి. మరొకరి లెక్కలో మనిషి మారిన పరిస్థితికి నిత్యం సర్దుకుంటూ బతికేవాడు. ఒకరైతే మనిషిని ముక్కలు చేసి చూడలేమని, అతన్నీ అతని చుట్టూ ఉన్నదాన్నీ విడదీయలేమని రాశారు. ఈ చివరిది నాకు మింగుడుపడేది కాదు. చర్మం దగ్గర మనిషి అయిపోతాడు కదా అనుకునేదాన్ని.

ఏది ఒప్పో ఆపా చెప్పేది కాదు. "ముందుగాల మనిషంటే ఏందనుకుంటరో, మీ చేతులు గా పనే చేస్తయి" అని మాత్రం అనేది.

ఆ సాయంత్రం వాదన వేరు. ఎందుకంటే ఆ రోజు వాళ్లు మాట్లాడుకుంటున్న మనిషి మా తాతయ్య.

తాతయ్యది మంథని దగ్గర పల్లె. వరి పండించేవాడు. పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. ఆయన కొడుకు, మా బాపు, వెళ్లి పెద్దాసుపత్రికి తీసుకొచ్చాడు. నీళ్లు పోస్తే గుటక వేస్తున్నాడు. అన్నం మాత్రం ముట్టడం లేదు. నాయనమ్మ పెట్టబోతే మొహం తిప్పుకుంటాడు. పళ్లెం ముందు పెడితే ఎడమ చేత్తో నెట్టేస్తాడు. ఒకసారి పళ్లెం మంచం అంచుదాకా పోయి కింద పడింది. రేపు పొద్దున ముక్కులోంచి గొట్టం వేస్తామని, పీకేయకుండా ఆ ఎడమ చేయి మంచానికి కట్టేస్తామని డాక్టరు చెప్పి వెళ్లాడు. ఆయనకు మిగిలింది ఆ ఒక్క చేయి.

తాతయ్య వార్డులోనే ఆ అక్కలకు డ్యూటీ. అక్కల్లో పెద్దామె మొదలుపెట్టింది. "అన్ని చేసినం మేడం. జావ వోసి చూసినం, పండు మెత్తగ చేసి పెట్టినం. ఆయనకు బతకాలని లేదు."

"గది నీకు చెప్పిండా?" అంది ఆపా.

"మాట లేదు కదా మేడం, ఎట్ల చెప్తడు?"

"మరి నువ్వెట్ల అనుకున్నవ్?"

తన పని తాను చూసుకునేవాడనుకుని ఎడమ చేతికి చెంచా కూడా ఇచ్చి చూశామని ఇంకో అక్క అంది. చెంచా పక్కన పెట్టి పళ్లెం నెట్టాడట.

అప్పటిదాకా నోరు విప్పనిది జైనూర్ అక్క. అడవి ఊళ్ల నుంచి వచ్చిన పిల్ల, పది మాటలకు ఒక మాట మాట్లాడేది. "మేడం, గాయిన పల్లెం కొట్టలే. నెట్టిండు. కోపముంటే కొడ్తరు. గాయిన మెల్లగ నెట్టిండు."

ఆపా గ్లాసు కింద పెట్టింది. "ఎటు దిక్కు?"

"పక్క మంచం దిక్కు. ఎప్పటికీ గటే."

ఆపా నా వైపు తిరిగింది. "బేటీ, మీ తాత ఊర్ల ఎట్ల తింటడు? చేసి చూపెట్టు."

సెలవుల్లో రోజూ చూసిందే. లేచి నిలబడి తాతయ్యనైపోయాను. కాళ్లు కడుక్కుని, తుండుతో తుడుచుకుని, గడపకు ఎదురుగా బాసింపట్టు వేసి కూర్చున్నాను. పళ్లెం వచ్చింది. చేయి పెట్టలేదు. ముందు వాకిట్లోకి చూసి, తాతయ్య గొంతుతో, "ఓ బాలయ్య, రారాదు, తిందాం" అని కేకేశాను. తర్వాత బాలయ్యనై, "ఇప్పుడే తిన్ననే, నువ్వు కానియ్యి" అన్నాను. ఆ వెనుక గేదెలు తోలుకుపోయే పిల్లవాణ్ని పిలిచాను, గాజులమ్మే ఆమెను పిలిచాను. అక్కలు పడీపడీ నవ్వారు.

ఆపా నవ్వలేదు. "వాళ్లు జవాబియ్యకుంటే?"

"ఇచ్చేదాంక తాత తినడు" అన్నాను. మా వైపు అందరూ అంతే. కంటికి కనిపించిన మనిషిని పిలవకుండా ముద్ద ఎత్తడం సిగ్గు. పిలిచినవాళ్లు సాధారణంగా రారు, తిన్నామంటారు. ఆ మాట వినపడితేనే చేయి కంచంలోకి పోతుంది.

నేను చెప్పడం అయ్యేసరికి అందరికీ సంగతి అర్థమైంది. ఆ వార్డులో నలభై మంచాలు. ఎటు చూసినా మనుషులు. పిలవడానికి గొంతు లేదు. అందుకే పళ్లెంతో పిలుస్తున్నాడు, ఎవరూ జవాబివ్వడం లేదు.

"లెవ్వుండ్రి" అంది ఆపా. చాయ్ గ్లాసులు అలాగే వదిలేసి అందరం రెండు రిక్షాల్లో బయలుదేరాం. రిక్షా అతన్ని జర జల్ది తొక్కమని ఆపా తొందర పెట్టడం నేను ఆ ఒక్కరోజే విన్నాను. ఆమెకూ నాలాగే కాలు నిలవడం లేదని తెలిసి నాకు భలే సంబరమైంది.

తాతయ్య పక్క మంచంలో హుజూరాబాద్ మిర్చి వ్యాపారి ఒకాయన కాలికి కట్టుతో పడుకుని ఉన్నాడు. ఆపా సంగతి చెబితే ఆయన తల పట్టుకున్నాడు. "గట్లనా సిస్టరమ్మా? నేనేమో ముసలాయనకు నా మొఖం చూస్తే పడ్తలేదు, ఎంగిలి పల్లెం నా మీదికి నూకుతుండని లోపల్లోపల తిట్టుకుంటున్న."

నాయనమ్మ రొట్టె, పప్పు పెట్టింది. తాతయ్య పళ్లెం వైపు చూశాడు, పక్కకు చూశాడు, ఎడమ చేత్తో పళ్లెం మెల్లగా జరిపాడు. వ్యాపారి మంచం మీద నుంచే వంగి రొట్టె కొసను చిటికెడు తుంచి నోట్లో వేసుకున్నాడు. "తింటున్న తాతా, మంచిగుంది. మీరు కానియ్యుండ్రి."

తాతయ్య మొహంలో సగమే కదిలేది. ఆ సగం కదిలింది. కానీ నోరు తెరవలేదు. ఇంకో పక్కకు చూశాడు. ఆ మంచం వాళ్లు తిన్నామన్నారు. అవతలి మంచం వాళ్లూ అన్నారు. ఊడ్చే ఆయమ్మ చీపురు పట్టుకునే, "నాకు పనున్నది తాతా, మల్ల తింట, నువ్వు తిను జర" అంది. ఆ మాట మంచం నుంచి మంచానికి పాకింది. వార్డంతా నవ్వుతూ తిన్నామంటోంది. నేనైతే ఎగిరి గంతేశాను.

తాతయ్య చూపు మాత్రం జైనూర్ అక్క దగ్గర ఆగిపోయింది.

"తిన్న తాతా" అంది ఆమె.

ఆయన పళ్లెం ఆమె వైపు జరిపి చేయి అలాగే ఉంచాడు.

"నిజం చెప్పు" అంది ఆపా.

"పొద్దుగాల్నుంచి ఉత్త చాయే మేడం."

వార్డులో నర్సులు తినకూడదని ఆ బడిలో గట్టి నియమం. అందరికంటే గట్టిగా దాన్ని పాటించేది ఆపానే. ఆమె ఆ అక్క భుజం మీద చేయి వేసి స్టూలు మీద కూర్చోబెట్టింది. "తిను. నిన్ను ఆయన చూసుకుంటుండు ఇప్పుడు."

జైనూర్ అక్క రొట్టె ముక్క పప్పులో అద్దుకుని నోట్లో పెట్టుకుంది. నమిలి మింగేదాకా తాతయ్య చూశాడు. తర్వాత నాయనమ్మ వైపు తిరిగి నోరు తెరిచాడు.

మర్నాడు గొట్టం రాలేదు. చేయి కట్టలేదు. వార్డంతా పలకరించాక ఆయన పొద్దుటి జావ తాగాడని విని డాక్టరు కూడా ఒకసారి తిన్నానని చెప్పి వెళ్లాడట. తాతయ్య కర్ర పట్టుకుని ఊరికి వెళ్లాడు, ఆ తర్వాత కొన్నేళ్లు బతికాడు.

ఆ సాయంత్రం వార్డు నుంచి తిరిగి వస్తుంటే రిక్షాలో ఆపాను అడిగాను, పుస్తకాల వాళ్లందరూ తప్పు చెప్పారా అని. తప్పు కాదంది. ఆకలి ఉన్నమాట నిజం, తన పని తాను చేసుకోవాలన్న పంతం నిజం, మాట పోయాక పళ్లెంతో పిలవడం నేర్చుకున్నాడు కాబట్టి సర్దుకోవడమూ నిజమే. అవన్నీ ఒక్క మనిషిలోనే ఉన్నాయి, ఆ మనిషి మాత్రం మంచం అంచు దగ్గర ఆగిపోలేదు. ఆమె చెప్పింది ఇంతే. పెద్దయ్యాక ఆపా దగ్గర ఆ పుస్తకాలు అడిగి తెచ్చుకుని చదివాను. నేను నర్సును కాలేదు. కానీ ఎవరైనా దేన్నైనా వద్దని తోసినప్పుడు, ఎందుకని అడిగే ముందు, ఎవరి వైపు తోశారో చూడడం నాకు అలవాటైంది. నా పిల్లలతో, చివరి రోజుల్లో నన్ను కన్న మా అవ్వతో, ఆ అలవాటే నన్ను చాలాసార్లు గట్టెక్కించింది.

ఆపా పోయిన నెల చనిపోయింది. ఆమె ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లు పూటకింత అన్నం డబ్బాలో పట్టుకుని వెళ్లేదాన్ని. మంచి ఆస్పత్రి, శుభ్రంగా ఉంది. నర్సులు వేళకు వచ్చారు. మంచానికీ మంచానికీ నడుమ పచ్చ తెరలు. భోజనం వేళకు వాటిని మూసేస్తారు. పక్కన ఎవరున్నారో నాకు ఆఖరుదాకా తెలియలేదు. వార్డుల్లో ఇప్పుడు తినే ముందు ఎవరూ ఎవరినీ పిలవడం లేదు.