పదకొండో రోజు మసక

2006 జూన్‌లో నాచారం పారిశ్రామికవాడలోని ఒక ఇంజెక్షన్ల కంపెనీలో మైక్రోబయాలజీ విభాగానికి అధిపతిగా చేరాను. అంతకుముందు విశాఖలోనూ ఇదే పని. నా కింద నలుగురు అనలిస్టులు. వారిలో వయసులో చిన్నది సువార్త. జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చి, మల్కాజిగిరిలో అద్దెకుండేది.

మా పనుల్లో ముఖ్యమైనది స్టెరిలిటీ పరీక్ష. ప్రతి బ్యాచ్ నుంచి కొన్ని సీసాలు తీసి, ఆ మందును సూక్ష్మజీవులు పెరగగల పోషక ద్రవంలో కలిపి, పద్నాలుగు రోజులు ఇంక్యుబేటర్‌లో ఉంచుతాం. ద్రవం తేటగా ఉండిపోతే మందు శుభ్రం. మసకబారితే అందులో ఏదో బతికి ఉన్నట్టు. రోజూ ఉదయం ఆ ట్యూబులను వెలుగుకు ఎదురుగా పట్టి చూసేవాణ్ణి. పలుచటి తేనె రంగు, యంత్రాల సన్నని హోరు. కాసేపు ఎక్కడున్నానో మరిచిపోయేవాణ్ణి.

శనివారాలు అనలిస్టులకు పాఠం చెప్పేవాణ్ణి. ఒకసారి విక్టోరియా రాణి కాలంనాటి ఇంగ్లీషు జీవశాస్త్రవేత్త గురించి చెప్పాను. పడుచు వయసులో ఓడెక్కి దూర సముద్రాల్లో జెల్లీఫిష్‌లను పరిశీలించినవాడాయన. ఆధారం లేనిదాన్ని, అది ఎంత ఊరటనిచ్చేదైనా, నమ్మకూడదనేవాడు. ప్రకృతికి మన మంచిచెడ్డల పట్టింపు లేదనీ, తోటమాలి కలుపుతో పెనుగులాడినట్టు మనిషే మంచిని పెంచుకోవాలనీ, బతుక్కి అర్థం ఆ పాటులోనే ఉందనీ ఆయన భావన. బయట వాన పడుతోంది. గాజులాంటి ఆ ప్రాణులు మా గదిలోనే తేలుతున్నట్టనిపించింది. ఆయనకు దేవుడు లేడా అని సువార్త అడిగింది. ఉన్నాడనీ లేడనీ అనలేదు, తెలియదన్నాడని చెప్పాను. తను ఏదో రాసుకుంది.

ఆ ఆగస్టులో ఒక బ్యాచ్ పరీక్షలో పదకొండో రోజు ఒక ట్యూబు మసకబారింది. ఆ పరీక్ష చేసింది సువార్తే. ల్యాబులో పొరపాటు జరిగినట్టు ఆధారం ఉంటేనే అలాంటి ఫలితాన్ని కొట్టేసి మళ్లీ పరీక్షించవచ్చు. లేకపోతే బ్యాచ్ మొత్తం నాశనం చేయాలి. పరీక్ష గది గాలి, గ్లౌజులు, మందు కలపని ట్యూబులు అన్నీ శుభ్రంగానే తేలాయి. ప్రొడక్షన్ మేనేజర్ నా దగ్గరికి వచ్చి, గ్లౌజు సీసా మూతికి తగిలిందని ఆ అమ్మాయితో ఒక్క వాక్యం రాయిస్తే చాలన్నారు. ఒక మెమో తప్ప ఆమెకేమీ కాదన్నారు. కాదనలేకపోయాను. అదే నిజమైతే బాగుండునని నాకూ అనిపించింది.

సువార్తను పిలిచి, తగిలిందేమో గుర్తు చేసుకోమన్నాను.

“మస్తు యాది చేసుకున్న సార్. తాకలే. తాకిందని ఎట్ల రాయాలె?”

మరి కారణమేమిటన్నాను.

“తెల్వది. అదే రాస్త.” ఆమే మళ్లీ మెల్లగా అంది: “ఆదివారం చర్చికి వోత సార్. ఆడ నమ్ముడు. ఈడ సూసుడు.”

ఆమె అలాగే రాసి ఇచ్చింది. కింద సంతకం నేను పెట్టాలి. మధ్యాహ్నమంతా ఆ కాగితం ముందు కూర్చుని, సాయంత్రం షిఫ్టు మారే వేళకు పెట్టాను. బ్యాచ్ నాశనం చేశారు. నెల రోజులు వెతికినా మూలం దొరకలేదు. కారణం కనుక్కోలేకపోయామనే రాసి నివేదిక ముగించాం. మరుసటి ఏడు నాకు రావలసిన పదోన్నతి రాలేదు. సువార్త ఉప్పల్‌లో మరో ల్యాబుకు మారిపోయింది.

సందేహించడం గురించి నేను పాఠాలు చెప్పాను. కానీ ఆ రోజు నేను సందేహించాల్సింది ఆమె చేతిని కాదు, నాకు అనుకూలమైన జవాబును. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఏదైనా ఫలితం నేను కోరుకున్నట్టే వస్తే దాన్ని రెండోసారి చూడకుండా సంతకం చేయలేదు.