పైడమ్మ ముట్టని కాలు

భవానీపూర్‌లో నా క్లినిక్ బీరువాలో, బ్యాండేజీల పక్కన, ఒక నూనె సీసా మూడు నెలలుగా ఉంటోంది. ఒక తల్లి మరిచిపోయి వెళ్లింది. ఇవాళ మధ్యాహ్నం కొడుకును తీసుకుని వస్తున్నానని ఆవిడ ఫోన్ చేసింది. నూనె పాడైపోయిందేమో చూద్దామని మూత తీశాను. వెల్లుల్లి వేసి కాచిన ఆవనూనె. ఆ ఘాటు ముక్కుకు తగిలిందో లేదో, నేను యాభై దాటిన ఫిజియోథెరపిస్టునన్న సంగతే మరిచిపోయాను. ఖిదిర్‌పూర్ రేవు క్వార్టర్లలో, పైడమ్మ మామ్మ అరుగు మీద కాలు చాపుకుని కూర్చున్న పదేళ్ల పిల్లనైపోయాను.

పైడమ్మ మాకు చుట్టమేమీ కాదు. మా నాన్న రేవులో పనిచేసేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాలన్నీ ఒకే లైనులో ఉండేవి కాబట్టి వరసలు వాటంతట అవే కలిసిపోయేవి. అమ్మకు ఆవిడ అత్త, నాకు మామ్మ, ఎదుటి లైనులోని బెంగాలీ వాళ్లకు మాషీ. ఆవిడ పని బెణుకులు పట్టడం, నడుములు తోమడం. మూటలు మోసి వంగిపోయిన బీహారీ కూలీలూ, ఫుట్‌బాల్ ఆడి మడమ తిప్పుకున్న కుర్రాళ్లూ, మీటింగుల్లో పిడికిలి ఎత్తీ ఎత్తీ భుజం పట్టేసిన యూనియన్ నాయకుడూ, అందరూ ఆ అరుగు మీదికే వచ్చేవారు. చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూనే తోమేది, తోముతూనే తిట్టేది. నొప్పని అరిచిన మగవాళ్లకు రెండు తిట్లు అదనం. ఆవిడ చేతికి తిరుగులేదని లైనంతా నమ్మేది. అందరికంటే ఎక్కువగా నమ్మింది మా అమ్మ.

ఆవిడ కొడుకు అప్పన్నకు మాత్రం కుడికాలు పొట్టి. రేవు గేటు దగ్గర టీకొట్టు నడిపేవాడు. ఒక చెప్పుకు మందంగా టైరు ముక్కలు కుట్టించుకుని, ఒక పక్కకు ఒరిగి, చేతిలోని కెటిల్‌లోంచి చుక్క ఒలకకుండా నడిచేవాడు. చిన్నప్పుడు లారీ గుద్దిందని పైడమ్మ అందరికీ చెప్పేది. మేమూ అదే నమ్మాం. లారీలకు కొదవలేని చోటు మాది.

దుర్గాపూజలకు ఇంకా నెల ఉండగానే నాన్న నాకు ఎర్ర బూట్లు కొన్నాడు. పక్కన బకిల్ ఉన్నవి. పూజకు ముందు తొడిగితే పాతబడతాయని అమ్మ వాటిని ట్రంకుపెట్టెలో దాచేసింది. ఎవరూ లేనప్పుడు తీసి వాసన చూసుకునేదాన్ని. అప్పుడే బడిలో తాడాట ఆడుతూ పడ్డాను. పడిన రోజు ఏమీ లేదు. రెండు రోజులకు మోకాలి కింద నొప్పి మొదలైంది, ఆ సాయంత్రానికి ఒళ్లు కాలిపోయింది. మర్నాడు పొద్దున కాలు నేల మీద ఆనించలేకపోయాను. నడవనని నేను మొండికేస్తున్నాననుకుని అమ్మ మొదట ఒక దెబ్బ కూడా వేసింది. ఆ తర్వాత నన్ను చంకనేసుకుని పైడమ్మ అరుగు మీద దించింది.

మామ్మ నూనె గిన్నె దగ్గరికి లాక్కుంది. అరచేతిలో కాస్త పోసుకుంది కూడా. నా నుదుటి మీద చెయ్యి వేసి ఆగిపోయింది. చేతిలోని నూనెను తన కాళ్లకే పూసుకుని, చూపుడు వేలు ఒక్కటీ నా మోకాలి కింద ఎముక మీద పెట్టి మెల్లగా నొక్కుతూ కిందికీ పైకీ వెళ్లింది. ఆవిడ నా కాలి వైపు చూడనే లేదు. నా ముఖాన్నే చూస్తోంది. ఒక్కచోట, పావలా బిళ్లంత మేర, వేలు పడగానే నాకు కళ్లు తిరిగాయి. ఎలా తెలిసింది మామ్మా అని చాలా ఏళ్లకు అడిగాను. "కాలేటి సెప్తాది. మొకమే సెప్పాల," అంది.

ఇది బెణుకు కాదని, తాను ముట్టనని, ఎవరినీ ముట్టనియ్యొద్దని, బేగి ఆసుపత్రికి తీసుకెళ్లమని అమ్మతో చెప్పింది. అమ్మకు తలకొట్టేసినట్టయింది. కూలీల నడుములు తోమే మనిషి తన కూతురి కాలు తోమనంటుందా? అయినా నాన్న వచ్చి నన్ను దగ్గర్లోని ఒక డాక్టరుకు చూపించాడు, ఎక్స్‌రే తీయించాడు. ఎముక నిక్షేపంగా ఉంది. ఎక్కడా చిన్న చీలిక కూడా లేదు. జ్వరానికి మాత్ర ఇచ్చి పంపారు. అమ్మ ఆ ఫిల్మును పైడమ్మ ముందు ఎండకు ఎత్తి పట్టి చూపించింది. ఇంకేం కావాలి, ఇప్పుడైనా పట్టు అంది. ఆసుపత్రి మాటంటే అమ్మకు భయమని, ఆ కోపమంతా భయమేనని ఇప్పుడు తెలుస్తోంది. నేను మాత్రం ఆ కాలిని ఎవరైనా కోసి అవతల పారేస్తే బాగుండునని ఏడుస్తున్నాను.

లైనులో పదిమంది పోగయ్యారు. అప్పన్న కూడా కెటిల్ పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. పైడమ్మ నోట్లో చుట్ట తీసి పక్కన పెట్టింది. చుట్ట తీసి ఆవిడ మాట్లాడటం నేను చూడటం అదే మొదలు.

"అప్పన్న కాలు ఎవులు పాడు సేసినారనుకుంతన్నావు? లారీ కాదు. నానే. ఐదేళ్ల గుంటడు, ఒళ్లు కాలిపోయే జరం. ఇదే సోటు. బెణికిందనుకొని మూడు రోజులు ఈ సేతులతోనే తోమినాను. లోపల ఎముకలో సీము పోత్తంటే పైన నూనె రాసినాను. నీ గుంట కాలు నాను ముట్టను."

చేతినే నమ్ముకుని బతికే మనిషి తన చేతి మీద తానే సాక్ష్యం చెప్పింది. ఆ పైన ఎవరైనా ఆ అరుగెక్కుతారా అన్న ఆలోచన ఆవిడకు రాలేదా? వచ్చే ఉంటుంది. అయినా చెప్పింది. అప్పన్న కెటిల్ కింద పెట్టి, "టాక్సీ తెత్తాను, ఉండండి," అని ఒరుగుతూ పరుగెత్తాడు.

ఆ రోజు దారిలో ఎర్రజెండాల ఊరేగింపు ఎదురైంది. టాక్సీ ఆగిపోయింది. పైడమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తే, ముందు వరసలో ఆవిడ భుజం తోమిన యూనియన్ నాయకుడే ఉన్నాడు. ఆవిడ తెలుగులో ఏమందో ఆయనకు అర్థమై ఉండదు గానీ తిట్టు మాత్రం అర్థమైంది. నినాదం ఆపకుండానే చెయ్యి ఊపి దారి తీయించాడు.

పెద్దాసుపత్రిలో మమ్మల్ని చూసిన డాక్టరు సన్నగా, నెరిసిన జుట్టుతో ఉన్న బెంగాలీ పెద్దమనిషి. ఎక్స్‌రేను ఒకసారి చూసి పక్కన పెట్టేశాడు. చూపుడు వేలు ఒక్కటీ చాపి నా ఎముక మీద నొక్కుతూ వచ్చాడు, నా ముఖం చూస్తూ. పైడమ్మ మా అమ్మను మోచేత్తో పొడిచింది. ఎముకలో చీము పట్టినా పది పన్నెండు రోజుల దాకా ఫిల్ములో కనిపించకపోవచ్చని, అది కనిపించే దాకా కూర్చుంటే కాలు దక్కదని ఆయన నాన్నకు వివరించాడు. మందు మొదలుపెట్టే ముందే రక్తం తీయించాడు, మత్తిచ్చి ఎముకలోకి సూది దింపి చీము బయటికి లాగించాడు. ఏ క్రిమో తెలిస్తేనే దానికి తగిన మందు తెలుస్తుందట. చీము పోవడానికి ఎముకకు చిన్న రంధ్రం కూడా పెట్టారు. అదంతా నాకు తర్వాత చెప్పారు. నాకు గుర్తున్నది అంతకు ముందు జరిగినది. కాలిని ఎవరైనా మర్దన చేశారా అని డాక్టరు అడిగాడు. లేదన్నారు. ఎవరు వద్దన్నారని అడిగాడు. నాన్న పైడమ్మను చూపించాడు. ఆయన లేచి, తన కుర్చీ ఆవిడ వైపు జరిపి, "బోషూన్ మాషీ" అన్నాడు. కూర్చోమన్నందుకు పైడమ్మ ఎంత కంగారుపడిందంటే, చుట్ట ఎక్కడ దాచాలో తెలియక నా దుప్పటి కింద పెట్టేసింది.

మందు మొత్తం ఆరు వారాలు. మొదట ఆసుపత్రిలో సూదులు, తర్వాత ఇంట్లో మాత్రలు. కాలికి పిండికట్టు. కదపకూడదు, బరువు మోపకూడదు. జీవితమంతా కాళ్లూ చేతులూ కదిలించడమే పనిగా పెట్టుకున్న పైడమ్మకు, ఒక కాలిని కదలనివ్వకుండా కాపలా కాసే పని పడింది. అరుగు మీది పనంతా మా గుమ్మంలోకి మార్చేసింది. అక్కడే కూర్చుని అందరి నడుములూ తోమేది, ఒక కన్ను నా మీదే. నేను కాస్త ఒత్తిగిలితే చాలు, "ఒలే గుంటా" అని కేక. జనం రావడం మానలేదు, ఇంకా ఎక్కువయ్యారు. ఆవిడ వద్దంటే ఆసుపత్రికి పోవాలని, పడతానంటే భయం లేదని లైనుకు తెలిసిపోయింది. వచ్చినవాళ్లందరినీ ముందు ఒంటివేలితో నొక్కి చూసేది. నడుము నొప్పని వచ్చిన మా నాన్నకు కూడా జ్వరం ఉందేమోనని నుదురు చూసింది.

పూజలు వచ్చేశాయి. పందిళ్లు చూడలేనని నేను గోడకు తిరిగి పడుకున్నాను. అష్టమి పొద్దున గుమ్మం ముందు గడగడా చప్పుడైంది. అప్పన్న రేవులో సామాన్లు తోసే ఠేలా బండిని ఎవరినో బతిమాలి తెచ్చాడు. దాని మీద మూడు బొంతలు, నాలుగు దిండ్లు, ఒక గొడుగు. నన్ను పడుకోబెట్టారు. పక్కన పైడమ్మ పట్టుచీర కట్టుకుని, నా పిండికట్టు మీద చెయ్యి వేసి కూర్చుంది. నా ఎర్ర బూట్లు దిండు పక్కనే పెట్టింది అమ్మ. నాన్న వెనక తోశాడు, అప్పన్న ముందు లాగాడు. పందిరి దగ్గర క్యూలో ఉన్నవాళ్లు ఠేలాను చూసి పక్కకు తప్పుకున్నారు, డప్పుల వాళ్లు మా చుట్టూ ఒక తిరుగుడు తిరిగి వాయించారు. ఆ ఊళ్లో దుర్గమ్మను అంత దగ్గరగా, పడుకుని చూసిన పిల్లను నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఆ రోజంత ఆనందం నాకు మళ్లీ ఎన్నిసార్లు కలిగిందో వేళ్ల మీద లెక్కపెట్టగలను.

తిరుగుదారిలో పైడమ్మ, ఆ కాలితో లాగొద్దురా అని కొడుకును ఆపబోయింది. అప్పన్న వెనక్కి తిరగకుండానే అన్నాడు:

"నాకు లారీ గురుతు నేదమ్మా. నీ సేతులే గురుతు. మూడు రోజులూ నువ్వు పడుకోనేదు. నువ్వు కూకో, నాను లాగతాను."

పైడమ్మ గొడుగును నా మీదికి జరిపింది. ఈ ఏడు అమ్మవారి ముక్కు కొంచెం వంకర చేసినారు, చూసినావా అని నన్నడిగింది.

చలికాలం మొదట్లో కట్టు విప్పారు. నెమ్మదిగా నడక నేర్చుకున్నాను. ఒకరోజు అమ్మ ఎర్ర బూట్లు తీసింది. తొడగబోతే ఎక్కలేదు. నేను ఏడుపు మొహం పెట్టాను. పైడమ్మ గబగబా వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చుంది. "ఏ కాలుకి ఇరుకే? సరిగ్గా సెప్పు, ఏ కాలుకి?" అంది. రెండింటికీ అన్నాను. మళ్లీ ఒకటొకటిగా ఎక్కించబోయి, బూటు కొన మీద వేలితో నొక్కి చూసింది. రెండు పాదాలూ సమానంగా పెరిగాయి. బూట్లను ఒళ్లో పెట్టుకుని, ఎవరు చూస్తున్నారో పట్టించుకోకుండా నవ్వింది, ఏడ్చింది, లైనంతా తిరిగి చెప్పింది.

పైడమ్మ పోయి చాలా కాలమైంది. చదువు నాకు ఎన్నో పరికరాలు ఇచ్చింది. అయినా ఏ ఒంటి మీదా చెయ్యి వేసే ముందు నుదురు చూస్తాను, ఒక వేలితో నొక్కుతాను, ముఖం చూస్తాను. మొన్న వానల్లో ఆ తల్లి నూనె సీసా మూత తీస్తూ, ఎక్స్‌రేలో ఏమీ లేదు, కాస్త మాలిష్ చేస్తే చాలు దీదీ అన్నప్పుడు కూడా అదే చేశాను. ఎనిమిదేళ్ల పిల్లవాడు. ఒళ్లు వేడిగా ఉంది. వేలు ఒక్కచోట పడగానే వాడి ముఖం తెల్లబడింది. సీసాకు మూత పెట్టేసి, ముట్టనని చెప్పాను. ఆవిడకు కోపం వచ్చింది. మా అమ్మకు వచ్చినట్టే. ఉత్తరం రాసిచ్చి, నేనే టాక్సీ పిలిచి ఆసుపత్రికి పంపాను.

ఇవాళ మధ్యాహ్నం వాడు తన కాళ్ల మీద నడిచి వచ్చాడు. టేపు పెట్టి రెండు కాళ్లూ కొలిచాను, కాగితం మీద రాశాను. బడి బూట్లు ఇరుకయ్యాయని, కొత్తవి కొనాలని తల్లి చెబుతోంది. నేను కలం కింద పెట్టి వాడి ముందు గొంతుక్కూర్చున్నాను. ఏ కాలుకి ఇరుకని అడిగాను.

వాడు కాసేపు ఆలోచించి, "రెండింటికీ" అన్నాడు.